టొరంటోలో రద్దయిపోయిన సెయింట్ జాన్స్ వార్డు: కౌన్సిల్ మ్యాపులోంచి పోయి జనం నోట్లో మిగిలిన పేరు

మీ ప్రశ్న ఇది: మీరు డౌన్‌టౌన్ టొరంటోలో ఆసుపత్రుల వీధి దగ్గర పనిచేస్తున్నారు. మధ్యాహ్నం నడుస్తుంటే ఒక బోర్డు మీద "ది వార్డ్" అని కనిపించింది. మొదట హాస్పిటల్ వార్డు అనుకున్నారు. తర్వాత అది పాత సిటీ కౌన్సిల్ వార్డు పేరని తెలిసింది. మీ అబ్బాయి స్కూల్ ప్రాజెక్టుకి దాన్నే తీసుకున్నాడు. కానీ 1912 నాటి ఎన్నికల్లో ఆ వార్డు నుంచి ఎవరు గెలిచారో వెతికితే ఎక్కడా దొరకడం లేదు. పాత ఫోటోల కింద మాత్రం 1912, 1913 అని తేదీలు వేసి "వార్డ్" అనే రాసుంది. ఏది నిజం?

రెండూ నిజమే. నేను ఈ ఊరొచ్చి పాతికేళ్ళు దాటింది. నగర ప్రణాళిక పనిలో చాలా ఏళ్ళు పాత మ్యాపులు, పన్ను పుస్తకాలు తిరగేశాను. మీకు పట్టుకున్న చిక్కు మొదట్లో నాకూ పట్టుకుంది. ఎన్నికల వార్డుగా సెయింట్ జాన్స్ వార్డు బతికింది 1853 నుంచి 1891 దాకా. అంతే, నలభై ఏళ్ళు కూడా లేదు. పేటగా "ది వార్డ్" బతికింది దాదాపు 1950ల దాకా. కౌన్సిల్ పుస్తకంలోంచి పేరు కొట్టేసిన తర్వాతే ఆ పేరు అసలు ప్రసిద్ధికెక్కింది. మీ అబ్బాయి చూసిన ఫోటోలన్నీ ఆ రెండో కాలానివి.

మనకి ఇది కొత్తేం కాదు. హైదరాబాద్‌లో మా ఇంటి నంబరు 3-6తో మొదలవుతుంది. అందులో 3 వార్డు, 6 బ్లాకు. హిమాయత్‌నగర్‌లో ఎవరినడిగినా ఇంటి నంబరు అలాగే చెప్తారు. 2009లో గ్రేటర్ ఎన్నికలకి డివిజన్లు 100 నుంచి 150 అయ్యాయి, ఆ తర్వాత కూడా హద్దులు మారాయి. కానీ గుమ్మం మీద 3-6 అలాగే ఉంది. ఇంటి నంబర్లో ఉన్న వార్డుతో ఓటరు స్లిప్పులో ఉన్న డివిజన్‌కి సంబంధం లేదని తెలియక తిప్పలు పడ్డవాళ్ళని ఎంతమందిని చూశానో. టొరంటోలోనూ అదే కథ. కాకపోతే ఇక్కడ మిగిలింది నంబరు కాదు, పేరు.

మొదటి నుంచి చెప్తాను. 1834లో యార్క్ అనే చిన్న పట్నం టొరంటో నగరమైంది. జనం తొమ్మిది వేల పైచిలుకు. నగరాన్ని ఐదు వార్డులుగా కోశారు: సెయింట్ ఆండ్రూ, సెయింట్ డేవిడ్, సెయింట్ జార్జ్, సెయింట్ పాట్రిక్, సెయింట్ లారెన్స్. మొదటి నాలుగూ స్కాట్లాండ్, వేల్స్, ఇంగ్లండ్, ఐర్లండ్‌ల రక్షక సాధువుల పేర్లు. ఒక్కో వార్డు నుంచి ఇద్దరు ఆల్డర్‌మన్లు (కౌన్సిల్‌లో పై హోదా ఉన్న ప్రతినిధులు), ఇద్దరు మామూలు కౌన్సిల్ సభ్యులు. మేయర్‌ని జనం ఎన్నుకోలేదు, కౌన్సిలే తనలోంచి ఒకర్ని ఎంచుకుంది. అలా వచ్చిన మొదటి మేయర్ విలియం లయన్ మెకంజీ. ఊరు పెరిగేకొద్దీ వార్డులు చీలాయి. 1847లో సెయింట్ జేమ్స్ వచ్చింది. 1853లో సెయింట్ పాట్రిక్ వార్డులో తూర్పు ముక్కని విడదీసి సెయింట్ జాన్స్ అన్నారు.

ఆ తర్వాత జనం "వార్డ్" అని పిలుచుకున్న ప్రాంతానికి హద్దులు గుర్తుపెట్టుకోవడం తేలిక: దక్షిణాన క్వీన్ స్ట్రీట్, ఉత్తరాన కాలేజ్ స్ట్రీట్, తూర్పున యంగ్ స్ట్రీట్, పడమర యూనివర్సిటీ అవెన్యూ. ఇప్పుడు సిటీ హాల్, పాత సిటీ హాల్, ఈటన్ సెంటర్ మాల్‌లో చాలా భాగం, పిల్లల ఆసుపత్రి అన్నీ ఈ నలుచదరంలోవే. వార్డు రాకముందే అక్కడ మకాలేటౌన్ అనే కూలీల పేట ఉండేది. భూమి మకాలే కుటుంబానిది కాబట్టి ఆ పేరు. వీధులకి కూడా ఎక్కువగా ఆ ఇంటివాళ్ళ పేర్లే పెట్టారు. పాత పుస్తకాల్లో టెరాలే స్ట్రీట్ అని కనిపిస్తే అది ఇప్పటి బే స్ట్రీట్, ఆగ్నెస్ స్ట్రీట్ అంటే డండస్, సేయర్ స్ట్రీట్ అంటే చెస్ట్‌నట్. ఈ మూడూ రాసిపెట్టుకోండి. లేకపోతే పాత మ్యాపు ముందు కూర్చుని తల పట్టుకోవాల్సి వస్తుంది.

అక్కడికి ఎవరొచ్చారన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. 1840ల నుంచే అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన నల్లజాతి కుటుంబాలు ఈ వీధుల్లో స్థిరపడ్డాయి. సేయర్ స్ట్రీట్‌లో వాళ్ళ చర్చి ఉండేది, తర్వాత దాన్ని బ్రిటిష్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి అన్నారు. 1850లో అమెరికా పారిపోయిన బానిసల చట్టం తెచ్చాక, ఉత్తరాది రాష్ట్రాల్లో దాక్కున్నవాళ్ళకి కూడా భద్రత లేకుండా పోయింది. దాంతో రాక ఇంకా పెరిగింది. కెంటకీ నుంచి తప్పించుకొచ్చిన థార్న్‌టన్ బ్లాక్‌బర్న్ టొరంటోలో మొదటి అద్దె బండి నడిపిన మనిషి. ఆ సంపాదనతో ఆయన, భార్య లూసీ వార్డులో కొన్ని ఇళ్ళు కొని, కొత్తగా వచ్చినవాళ్ళకి తక్కువ అద్దెకిచ్చేవారు. 1847లో ఐర్లండ్ కరవు నుంచి ఒక్క ఏడాదిలోనే 38 వేలమందికి పైగా టొరంటోలో దిగారు. అప్పటికి ఊరి జనాభా సుమారు ఇరవై వేలు! వాళ్ళలో ఎక్కువమంది ముందుకు సాగిపోయినా, చేతిలో కాసు లేనివాళ్ళు మిగిలిపోయారు. మరుసటి ఏడాది ఎల్మ్ స్ట్రీట్‌లో హౌస్ ఆఫ్ ఇండస్ట్రీ కట్టారు. దిక్కులేనివాళ్ళకి రొట్టె, చలికాలంలో కట్టెలు ఇచ్చే సత్రం లాంటిది. దాని ముందు గోడ ఇప్పటికీ ఉంది, మీ ఆఫీసు నుంచి పది నిమిషాల నడక.

ఇక ఎన్నికల సంగతి. మీ అబ్బాయి ప్రాజెక్టులో తప్పకుండా ఉండాల్సిన భాగం ఇదే, చాలామంది రాయనిది కూడా ఇదే.

ఎన్నికలు ఏటా జనవరిలో జరిగేవి. 1870ల మధ్యదాకా రహస్య ఓటు లేదు. ఓటరు అందరి ముందూ నిలబడి ఎవరికి వేస్తున్నాడో నోటితో చెప్పాలి, గుమాస్తా రాసుకుంటాడు. ఇంటి ఓనరు మనుషులు పక్కనే ఉంటే అద్దెకున్నవాడి పరిస్థితి ఏంటో మీరే ఊహించండి. అదీ, అసలు ఓటు ఉన్నవాడి మాట. ఓటు కావాలంటే బ్రిటిష్ ప్రజ అయి ఉండాలి, సొంత ఆస్తి ఉండాలి, లేదా పన్ను లెక్కలో ఒక స్థాయికి మించిన విలువున్న ఇంట్లో అద్దెకుండాలి. ఆడవాళ్ళలో ఆస్తి ఉన్న వితంతువులకి, పెళ్ళికానివాళ్ళకి మాత్రం 1884 నుంచి నగర ఎన్నికల్లో ఓటొచ్చింది. భర్త బతికున్న ఆడమనిషికి లేదు. ఒక్క గదిలో ఐదుగురు ఉండేవాళ్ళకి, పెరట్లో వేసిన రేకుల కొట్టులో ఉండేవాళ్ళకి, నిన్నగాక మొన్న ఓడ దిగినవాళ్ళకి ఈ లెక్కలో చోటెక్కడ?

దీన్ని నేను పుస్తకంలో చదివి నమ్మలేదు, కళ్ళారా చూశాను. స్పడైనా రోడ్డులో సిటీ ఆర్కైవ్స్ ఉంది. అక్కడ పాత అసెస్‌మెంట్ రోల్స్ ఉంటాయి, అంటే ఇంటిపన్ను పుస్తకాలు. వార్డు వారీగా, వీధి వారీగా రాసుకుంటూ పోయారు. ఒక్కో గీతలో ఒక ఇల్లు: ఉండేవాడి పేరు, వయసు, చేసే పని, ఓనరా అద్దెకున్నవాడా, ఓనరు పేరు, స్థలం విలువ, కట్టడం విలువ, ఇంట్లో ఎంతమంది. చెస్ట్‌నట్, ఎలిజబెత్, సెంటర్ వీధుల పేజీలు తెరిచి వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్ళండి. ఉండేవాళ్ళ గడిలో పేర్లు మారిపోతుంటాయి: కూలీ, వడ్రంగి, చాకలి, పాత సామాన్లు కొనేవాడు. ఓనరు గడిలో మాత్రం వరసగా నాలుగైదు ఇళ్ళకి ఒకటే పేరు, కింద పైదే అని రెండు చిన్న గీతలు. మరుసటి ఏడాది పుస్తకం తీస్తే ఉండేవాళ్ళు సగం మారిపోయి ఉంటారు, ఆ రెండు గీతలు అలాగే ఉంటాయి. నేను మొదటిసారి చూసిన రోజు మధ్యాహ్నం భోజనం సంగతే మర్చిపోయాను. ఒక వార్డు చరిత్ర అంటే గెలిచినవాళ్ళ జాబితా అనుకునేవాణ్ణి. అది ఆ రెండు గడుల మధ్య ఉందని అప్పుడు అర్థమైంది.

1891కి టొరంటోలో వార్డులు 13 అయ్యాయి. చుట్టుపక్కల ఊళ్ళని కలుపుకున్నప్పుడల్లా ఒక కొత్త సాధువు పేరు చేర్చుకుంటూ పోయారు. యార్క్‌విల్ వచ్చి సెయింట్ పాల్స్ అయింది, పార్క్‌డేల్ వచ్చి సెయింట్ ఆల్బన్స్ అయింది. ప్రతి ఆల్డర్‌మన్ తన వీధికి సిమెంటు, తన సందుకి దీపం అని కొట్లాడుతున్నాడని, నగరం మొత్తం గురించి ఎవరూ ఆలోచించడం లేదని సంస్కరణవాదులు గొడవ చేశారు. చివరికి 13 వార్డులూ తీసేసి ఆరే ఆరు పెట్టారు. సాధువుల పేర్లు పోయాయి, అంకెలొచ్చాయి. ఒక్కో వార్డుకి నలుగురు చొప్పున 24 మంది ఆల్డర్‌మన్లు. కొత్త వార్డుల్ని సరస్సు ఒడ్డు నుంచి ఉత్తరానికి పొడుగ్గా, పట్టీల్లా గీశారు. సెయింట్ జాన్స్ మొత్తం మూడో వార్డులో కలిసిపోయింది.

నా అభిప్రాయం చెప్తాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. పట్టీల్లా గీయడంలో ఒక ఉద్దేశం మంచిదే: ప్రతి వార్డులో పేదా ధనికా, దుకాణం ఇల్లు అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి ఆల్డర్‌మన్ అందరి గురించీ ఆలోచిస్తాడు. కానీ ఆస్తిని బట్టి ఓటుండే ఊళ్ళో అందరూ కలవడం అంటే ఎవరి గొంతు పైన ఉంటుంది? మూడో వార్డులో పెద్ద దుకాణాలు, బ్యాంకులు, ఆఫీసులు అన్నీ ఉన్నాయి. పేదపేటకి అంతకుముందున్న కాస్త సొంత సీటు కూడా అందులో కరిగిపోయింది. ఈ పట్టీల పద్ధతి 1960ల చివరిదాకా సాగింది.

సరిగ్గా వార్డు పేరు కొట్టేసిన ఆ రోజుల్లోనే పేట నిండిపోయింది. రష్యా సామ్రాజ్యంలో దాడుల నుంచి, పేదరికం నుంచి తప్పించుకున్న యూదులు 1880ల చివర్నుంచి రావడం మొదలెట్టారు. 1901లో ఊరంతా కలిపి మూడువేలున్న యూదులు 1911కి సుమారు 18 వేలయ్యారు. మొదట దిగింది ఎక్కువమంది ఇక్కడే. అద్దె తక్కువ, పని పక్కనే. యంగ్ స్ట్రీట్‌లో ఈటన్స్ దుకాణం, దాని వెనక దుస్తుల ఫ్యాక్టరీలు. 1912లో అక్కడ పెద్ద సమ్మె జరిగింది. అప్పటిదాకా కోటు లోపలి లైనింగు పూర్తిచేసే పని ఆడవాళ్ళది. అదనపు కూలీ లేకుండా ఆ పని కూడా మగవాళ్ళే మిషను మీద చేయాలని యాజమాన్యం అంది. చేస్తే ఆడవాళ్ళ ఉద్యోగాలు పోతాయి. మగవాళ్ళు మేం చేయమన్నారు. వెయ్యిమందికి పైగా బయటికొచ్చారు, నెలల తరబడి నిలబడ్డారు. సమ్మె ఓడిపోయింది. అయినా, తమ జీతం తగ్గిందని కాదు, పక్కవాళ్ళ కూడు పోతుందని పని మానేసిన మనుషులు వీళ్ళు. చదివిన ప్రతిసారీ నాకు మనసు నిండిపోతుంది.

పత్రికలు, అధికారులు మాత్రం ఈ పేటని వేరే కళ్ళతో చూశారు. "సెయింట్ జాన్స్" అన్న ముక్క రాలిపోయి ఉత్త "వార్డ్" మిగిలింది. ఊళ్ళో ఇంకెన్నో వార్డులున్నా, ఆ మాటంటే ఇదే. ఆ పలకడంలో కొంత భయం, కొంత ఏవగింపు కూడా ఉండేవి. 1918లో ఒక మునిసిపల్ పరిశోధన సంస్థ నివేదిక వేస్తే, దాని పేరులోనే ఈ వార్డ్ టొరంటోని ఏం చేయబోతోందో అన్న ప్రశ్న ఉంది. టొరంటో ఆ వార్డుని ఏం చేసిందన్న ప్రశ్న కాదు.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. డాక్టర్ చార్ల్స్ హేస్టింగ్స్ 1910లో నగర ఆరోగ్యాధికారి అయ్యారు. కలుషితమైన పాల వల్ల టైఫాయిడ్ వచ్చి కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి. 1911లో ఆయన ఊళ్ళోని మురికివాడల మీద నివేదిక ఇచ్చారు. కిటికీ లేని గదులు, నేలమాళిగల్లో కాపురాలు, నాలుగైదు కుటుంబాలకి ఒకటే పెరటి మరుగుదొడ్డి, దాని పక్కనే కుళాయి. ఇళ్ళని తప్పుపట్టారు, అద్దెలు గుంజుతూ బాగుచేయని ఓనర్లని తప్పుపట్టారు. నగర ఫోటోగ్రాఫర్ ఆర్థర్ గాస్ చేత ఫోటోలు తీయించారు. మీ అబ్బాయి చూసినవి అవే. ఆర్కైవ్స్‌లో సిరీస్ 372 అని అడగండి. ఒక్క ఫోటో పెద్దది చేసుకుని చూడమనండి: బురద పెరడు, వంగిపోయిన చెక్క కొట్లు, తీగ మీద ఆరేసిన బట్టలు, మధ్యలో నిలబడి కెమెరా వైపు సూటిగా చూస్తున్న పిల్లలు. అందరూ బురద చూస్తారు. నేను ఆ తీగ మీద బట్టలు చూస్తాను. ఆ నీళ్ళ కరువులో, ఆ చోటులో, ఎవరో పొద్దున్నే లేచి ఉతికి పిండి ఆరేశారు.

హేస్టింగ్స్ హయాంలో పాలు కాచి శుద్ధి చేయడం తప్పనిసరైంది, పెరటి దొడ్లు తగ్గాయి. కానీ ఇళ్ళు బాగుచేసి అక్కడివాళ్ళని అక్కడే ఉంచే ప్రయత్నం పెద్దగా జరగలేదు.

ఇక ఆ పేటని ఎప్పుడు కూల్చేశారన్న సంగతి. ఒక్కరోజు బుల్‌డోజర్లు వచ్చి కూల్చినట్టు చాలామంది రాస్తారు, అది తప్పు. వార్డుని ముక్కముక్కగా తినేశారు. 1899లో క్వీన్ స్ట్రీట్ మీద అప్పటి సిటీ హాల్ కట్టడం పూర్తయింది. 1913లో జనరల్ హాస్పిటల్ కాలేజ్ స్ట్రీట్ మూలకి వచ్చింది. ఈటన్స్ వాళ్ళ కట్టడాలు పెరుగుతూ పోయాయి. యూదు కుటుంబాలు కాస్త నిలదొక్కుకోగానే పడమరకి, స్పడైనా, కెన్సింగ్టన్ వైపు కదిలాయి. ఖాళీ అయిన ఎలిజబెత్ స్ట్రీట్‌లో చైనావాళ్ళు దుకాణాలు, హోటళ్ళు పెట్టుకున్నారు. వాళ్ళు ఈ దేశంలో అడుగుపెట్టాలంటే తలపన్ను కట్టాలి. 1885లో 50 డాలర్లున్న ఆ పన్ను 1903కి 500 అయింది. 1923 నుంచి 1947 దాకా రావడమే దాదాపు నిషేధం. భార్యాపిల్లల్ని తెచ్చుకోలేని మగవాళ్ళ పేట అది. కౌన్సిల్‌లో ఈ జనం తరఫున మాట్లాడినవాళ్ళు అరుదు. అలాంటివాళ్ళలో ఒకరు విలియం పేటన్ హబ్బర్డ్, 1894లో గెలిచిన టొరంటో మొదటి నల్లజాతి ఆల్డర్‌మన్. చిన్న చైనా లాండ్రీల మీద లైసెన్సు ఫీజు మోపబోతే ఆయన అడ్డుపడ్డారు. ఆయన గెలిచింది మాత్రం ఇక్కడి నుంచి కాదు, నాలుగో వార్డు నుంచి. ఇది కూడా చాలాచోట్ల తప్పుగా కలిపేస్తుంటారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కొత్త సిటీ హాల్ కోసం క్వీన్ స్ట్రీట్ పైన స్థలం కొనడానికి ఓటర్లు ఒప్పుకున్నారు. ఆ స్థలం అంటే చైనాటౌన్. 1950ల్లో దాన్ని దాదాపు మూడింట రెండొంతులు నేలమట్టం చేశారు. ఫిన్లండ్ వాస్తుశిల్పి విల్యో రెవెల్ గీసిన రెండు వంపు భవనాలు 1965లో తెరుచుకున్నాయి. ముందున్న మైదానానికి నేథన్ ఫిలిప్స్ పేరు పెట్టారు, ఆయన ఈ ఊరి మొదటి యూదు మేయర్. చలికాలంలో మనవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళి స్కేటింగ్ చేయించేది అక్కడే. మిగిలిన మూడో వంతు కూడా పోబోతుంటే జీన్ లమ్ అనే ఆవిడ ముందు నిలబడి, జనాన్ని కూడగట్టి కౌన్సిల్ చుట్టూ తిరిగారు. కొంతకాలం కాపాడగలిగారు కూడా. 1976లో ఆమెకి ఆర్డర్ ఆఫ్ కెనడా వచ్చింది.

2015లో ఆర్మరీ స్ట్రీట్ దగ్గర కొత్త కోర్టు కట్టడానికి ఒక పార్కింగ్ స్థలాన్ని తవ్వారు. తారు కింద ఇళ్ళ పునాదులు, ఆ పాత నల్లజాతి చర్చి పునాది, లక్షల సంఖ్యలో వస్తువులు బయటపడ్డాయి: పింగాణీ ముక్కలు, సీసాలు, చెప్పులు. ఆ కోర్టు 2023లో తెరుచుకుంది.

ఇంక ప్రాజెక్టు ఎలా చేయాలో చెప్తాను. 1853 నుంచి 1891 దాకా అయితే ఎన్నికల ఫలితాల్లో సెయింట్ జాన్స్ అని వెతకండి, గెలిచినవాళ్ళ పేర్లు దొరుకుతాయి. 1892 జనవరి ఎన్నిక నుంచి అయితే మూడో వార్డు చూడాలి. కానీ అందులో కనిపించే పేర్లన్నీ ఈ పేటకి ప్రతినిధులని రాయొద్దు, అది చాలా పెద్ద వార్డు. ఇళ్ళ కోసం గోడ్ కంపెనీ అగ్నిబీమా మ్యాపులు తీయండి, టొరంటోకి 1880ల నుంచి ఉన్నాయి. గులాబీ రంగు అంటే ఇటుక, పసుపు అంటే చెక్క. యంగ్ స్ట్రీట్ వైపు గులాబీ, లోపలికి వెళ్ళేకొద్దీ పసుపు. ఇళ్ళ వెనక సందుల్లో అగ్గిపెట్టెల్లా ఇంకొన్ని చిన్న పసుపు గళ్ళు కనిపిస్తాయి. అవి కూడా ఇళ్ళే.

హద్దులు మార్చడం పాతకాలం ముచ్చట అనుకోవద్దని మీ అబ్బాయితో చెప్పండి. 2018లో ఎన్నికల ప్రచారం నడుస్తుండగానే ఒంటారియో ప్రభుత్వం (మన రాష్ట్ర ప్రభుత్వం లాంటిది) ఆ ఎన్నికకి ఖాయం చేసిన 47 వార్డుల్ని 25కి తగ్గించింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2021లో 5-4 తేడాతో ప్రభుత్వమే గెలిచింది. మీకు అప్పటికి ఇక్కడ ఓటు ఉండి ఉంటే, పాత ఓటరు సమాచారం కాగితం ఒకటి ఇంట్లో ఎక్కడో ఉంటుంది. దాని మీద వార్డు నంబరు, ఇప్పటి నంబరు పక్కపక్కన పెట్టి చూపించండి.

ఆర్కైవ్స్‌కి వెళ్ళేముందు వాళ్ళ వెబ్‌సైట్‌లో పనివేళలు చూసుకోండి. పన్ను పుస్తకాలు మైక్రోఫిల్మ్ మీద ఉంటాయి, కళ్ళు లాగుతాయి, రెండు గంటలకి మించి ఒకేసారి కూర్చోవద్దు. వీధి ఒక్కటే ఎంచుకోండి. నన్నడిగితే చెస్ట్‌నట్ అంటాను. ఐదేళ్ళకొక పుస్తకం చొప్పున తీసి ఆ ఒక్క వీధి రాసుకుంటే చాలు, ఎవరు పోయి ఎవరొచ్చారో అదే చెప్తుంది. ఏ ఏడాది పేజీ దగ్గరైనా చేతిరాత అర్థంకాకపోతే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చదివి పెడతాను.